వ్యాన్‌లో సైకిల్ కదలకుండా ఉండాలంటే: ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి

సైకిల్ తొక్కడానికి బయలుదేరే ప్రయాణంలో మొదటి భాగం చాలాసార్లు నాలుగు చక్రాల బండిలోనే గడుస్తుంది. లేహ్‌లో పర్యాటకులను, సైకిళ్లను వాహనంలో ఎక్కించుకుని, సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఖార్దుంగ్ లా కనుమ దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి కిందికి తొక్కుకుంటూ రమ్మని వదిలే నిర్వాహకులు ఎందరో ఉన్నారు. భూటాన్‌లో ఒక్క రోజులో 268 కిలోమీటర్లు తొక్కే ‘టూర్ ఆఫ్ ది డ్రాగన్’ పోటీ బుమ్తాంగ్‌లో మొదలై థింఫులో ముగుస్తుంది. పోటీకి ముందే సైకిల్‌ను ఆ కొండదారిలో బుమ్తాంగ్‌కు చేర్చుకోవాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మొదలైంది. నగరానికి రెండో కొసన ఉన్నవారు అక్కడ తొక్కాలంటే ముందు సైకిల్‌ను ఏదో ఒక వాహనంలో ఎక్కించాల్సిందే.

ఈ ప్రయాణాల్లో సైకిల్‌కు గీతలు పడకూడదనే జాగ్రత్త అందరికీ ఉంటుంది. దుప్పట్లు కప్పుతారు, అట్టలు అడ్డు పెడతారు, ఒకదానికొకటి తగలకుండా పాత ట్యూబులు చుడతారు. అవన్నీ రంగును కాపాడతాయి. బండి ఒక్కసారిగా ఆగినప్పుడు సైకిల్ ఎటు పోతుందన్నది వేరే ప్రశ్న. వ్యాన్‌లో సామాను ఉండే చోటుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య చాలాసార్లు ఒక సీటు వీపు తప్ప మరో అడ్డు ఉండదు. అందుకే మెత్తలు వేయడం, కదలకుండా కట్టడం రెండు వేర్వేరు పనులని ముందుగా గుర్తించాలి. రెండో పని సరిగ్గా జరగకపోతే మొదటిది ఎంత బాగా చేసినా ప్రాణాలకు భరోసా ఉండదు.

15 కిలోల వస్తువు ఎంత బరువవుతుంది?

గేర్లున్న మామూలు సైకిల్ 13 నుంచి 16 కిలోలు తూగుతుంది. పాలవాళ్లు, పేపరువాళ్లు వాడే పాతకాలపు నల్ల సైకిల్ 20 కిలోల దాకా, బ్యాటరీ సైకిల్ అంతకు మించి ఉంటాయి. ఆగి ఉన్న బండిలో ఒక మనిషి చేత్తో ఎత్తి పెట్టే బరువే కాబట్టి దానితో ప్రమాదమేముందనిపిస్తుంది. అయితే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న వ్యాన్‌లో సైకిల్ కూడా అదే వేగంతో వెళ్తుంటుంది. ఆ వేగంలో దానికున్న శక్తి, దాన్ని 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు నాలుగైదు అంతస్తుల మేడ మీది నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తితో సమానం. వేగం 80 కిలోమీటర్లయితే ఆ ఎత్తు 25 మీటర్లు దాటుతుంది. వేగం మూడో వంతు పెరిగితే శక్తి దాదాపు రెట్టింపవుతుంది.

సరుకు కట్టడానికి ఐరోపాలో పాటించే ఈఎన్ 12195 ప్రమాణం ఒక సులువైన లెక్క చెబుతుంది. రోడ్డు మీద మామూలుగా ఎదురయ్యే గట్టి బ్రేకులను తట్టుకోవాలంటే, కట్టు ముందు వైపుకు సరుకు బరువులో 80 శాతాన్ని, పక్కలకూ వెనక్కూ 50 శాతాన్ని ఆపగలగాలి. నాలుగు సైకిళ్లు కలిపి 60 కిలోలనుకుంటే, ముందుకు 48 కిలోల లాగుడును ఆపాలన్నమాట. ఇది ఢీకొనకుండా బ్రేకు వేసి ఆగినప్పటి మాట. ఢీకొన్నప్పుడు ఆ క్షణంలో పడే ఒత్తిడి వస్తువు బరువుకు 20 రెట్లు దాటవచ్చు. అప్పుడు 15 కిలోల సైకిల్ 300 కిలోల వస్తువులా ముందుకు తోస్తుంది.

సీటు వీపు ఆపుతుందిలే అనుకోవడానికీ ఒక హద్దుంది. సీట్ల గట్టిదనానికి సంబంధించిన ఐక్యరాజ్యసమితి ఆర్17 నిబంధన ప్రకారం, 18 కిలోల చొప్పున ఉండే రెండు దిమ్మలను సీటు వెనక పెట్టి, గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారిగా ఆపి పరీక్షిస్తారు. అంటే ఆ పరీక్షలో నెగ్గిన సీటు కూడా రెండు సైకిళ్ల బరువుకే పరీక్షకు నిలిచిందన్నమాట. పైగా ఆ దిమ్మలు నున్నటి పెట్టెలు. సైకిల్‌కు హ్యాండిల్ కొసలు, పెడళ్లు, ఇరుసులు, పళ్ల చక్రాలు ఉంటాయి. బరువంతా ఒక చిన్న కొస మీద పడితే సీటు గుడ్డ, స్పాంజి ఆపేది ఏమీ ఉండదు.

మనుషులు ఎక్కడ, సైకిళ్లు ఎక్కడ?

అన్నిటికంటే క్షేమమైన పద్ధతి సైకిళ్లకు ఒక బండి, మనుషులకు మరొకటి. పాఠశాల పోటీలకు పిల్లలను తీసుకెళ్లేటప్పుడు ఈ రెండో బండి అద్దె దండగ ఖర్చులా కనిపిస్తుంది. నిజానికి అది పిల్లల భద్రతకు పెట్టే ఖర్చు. రెండో బండి కుదరకపోతే సామాను భాగానికీ సీట్లకూ మధ్య ఇనుప జాలీ ఉన్న వ్యాన్‌ను ఎంచుకోవాలి. ఆ జాలీ బండి బాడీకి బోల్టులతో బిగించి ఉండాలి.

జాలీ కూడా లేనప్పుడు సైకిళ్లు వెనక, మనుషులు ముందు, అందరికీ సీటు బెల్టు అన్నది కనీస నియమం. వెనక సీటులో సగం మడిచి ఆ ఖాళీలో సైకిల్ పెట్టి, మిగతా సగంలో మనిషిని కూర్చోబెట్టడం చాలామంది చేసే పని. మలుపులో సైకిల్ పక్కకు ఒరిగితే హ్యాండిల్ కొస సరిగ్గా కూర్చున్న మనిషి ముఖం ఎత్తులోనే ఉంటుంది. అందుకే ఆ అమరిక పనికిరాదు. పక్క తలుపుకు అడ్డంగా సైకిల్ పెట్టకూడదు. ప్రమాదం జరిగినా, పొగ వచ్చినా లోపలివారు బయటపడే దారి అదే.

సరుకు బండి వెనక భాగంలో సైకిళ్లను పట్టుకుని మనుషులు కూర్చోవడం మన రోడ్ల మీద రోజూ కనిపించే దృశ్యం. సైకిల్ జారితే చేత్తో ఆపవచ్చన్నది వారి ధీమా. పై లెక్కలు చూస్తే ఆ చేతులు ఎంతవరకు ఆపగలవో అర్థమవుతుంది. బీమా విషయంలోనూ ఇది చిక్కే. సరుకు వాహనంలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు తప్పనిసరి బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే స్పష్టం చేసింది. సరుకు యజమాని వెంట ఉంటే చట్టం రక్షణ ఇస్తుంది కానీ, అతడు క్యాబిన్‌లో ప్రయాణించాలని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2007లో అదే కోర్టు చెప్పింది. వెనక సైకిళ్ల మధ్య కూర్చున్నవారికి ప్రమాదం జరిగితే, గాయంతో పాటు పరిహారం కోసం పోరాటం కూడా మిగలవచ్చు.

సైకిల్ లోపల పట్టక వెనక తలుపు తెరిచి ఉంచి, చక్రం బయటికి వేలాడదీసి వెళ్లడం మరో అలవాటు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194 (1ఏ) సెక్షన్ ప్రకారం, సరుకు అనుమతించిన హద్దు దాటి పక్కలకు, ముందుకు, వెనక్కు పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా. సరుకు దించే ఖర్చు అదనం.

నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

వ్యాన్‌లో చోటును బట్టి సైకిళ్లను మూడు రకాలుగా అమర్చవచ్చు.

మొదటిది, రెండు చక్రాలతోనే నిలబెట్టి గోడ వెంట కట్టడం. సైకిల్ పొడవు సుమారు 1.75 నుంచి 1.85 మీటర్లు ఉంటుంది కాబట్టి టెంపో ట్రావెలర్ వంటి పొడవాటి వ్యాన్‌లో సీట్లు తీసేస్తే ఇది సులువు. ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఒకదాని హ్యాండిల్ పక్కన మరోదాని సీటు వచ్చేలా ఎదురుబొదురుగా పెట్టాలి. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు, చోటూ కలిసివస్తుంది. లోపలి వైపు పెడళ్లను విప్పేస్తే సైకిళ్లు ఇంకా దగ్గరగా వస్తాయి. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమ పెడల్ మరలు తిరగబడి ఉంటాయని, దాన్ని కుడి వైపుకు తిప్పితేనే వదులవుతుందని గుర్తుంచుకోవాలి.

రెండోది, ముందు చక్రం తీసి ఫోర్కు కొసలను చెక్కకు బిగించిన దిమ్మెలో నిలపడం. దీనివల్ల పొడవు సుమారు ఒక అడుగు తగ్గుతుంది. చిన్న వ్యాన్లకు ఇదే తగిన పద్ధతి. వ్యాన్ వెడల్పుకు సరిపడా మందపాటి చెక్క లేదా ప్లైవుడ్ పలకను అడ్డంగా వేసి, దాని మీద సైకిల్‌కొక ఫోర్కు దిమ్మె బిగిస్తారు. పాత తరహా చక్రాలకు ఫోర్కు కొసల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు. డిస్క్ బ్రేకుల కొత్త సైకిళ్లలో లావుపాటి ఇరుసు దూర్చే పద్ధతి వచ్చింది. వాటికి 12 లేదా 15 మిల్లీమీటర్ల ఇరుసు పట్టే దిమ్మె కావాలి. కొలత సరిపోని దిమ్మెలో బలవంతంగా బిగిస్తే ఫోర్కు కొసలు దెబ్బతింటాయి. ఈ పద్ధతిలో ఎక్కువగా జరిగే పొరపాటు మరొకటి ఉంది. సైకిల్‌ను పలకకు గట్టిగా బిగించి, పలకను మాత్రం బండికి బిగించరు. అప్పుడు బ్రేకు వేయగానే నాలుగు సైకిళ్లు, పలక కలిసి ఒకే ముద్దగా ముందుకు వస్తాయి. తీసేసిన సీటు బోల్టు రంధ్రాలకే పలకను బిగించుకోవడం మేలైన మార్గం. వెనక చక్రం అటూఇటూ ఊగకుండా దానికీ ఒక పట్టీ వేయాలి.

మూడోది, పడుకోబెట్టడం. వేరే దారి లేనప్పుడే ఇది. చైను ఉన్న కుడి వైపు పైకి రావాలి. లేకపోతే గేరు మార్చే డిరైలర్ మీద బరువు పడి, దాన్ని పట్టి ఉంచే మెత్తటి లోహపు ముక్క వంగుతుంది. అది కొద్దిగా వంగినా గేర్లు సరిగ్గా పడవు. మరీ లోపలికి వంగితే తొక్కేటప్పుడు డిరైలర్ వెనక చక్రం పుల్లల్లో ఇరుక్కోవచ్చు. నిలబెట్టినా పడుకోబెట్టినా వెనక గేరును అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీదికి వేసి ఉంచితే డిరైలర్ లోపలికి జరిగి క్షేమంగా ఉంటుంది. పడుకోబెట్టిన సైకిల్ ఎక్కడికీ పోదన్న నమ్మకం తప్పు. నేల మీద జారే వస్తువును కూడా కట్టాల్సిందే.

కట్టు ఎటు లాగుతోంది?

సైకిల్ కట్టడంలో అసలు కిటుకు కట్టు దిశలో ఉంది. సైకిల్ మీది నుంచి నేరుగా కిందికి లాగి కట్టిన పట్టీ దాన్ని నేలకు అదుముతుందే తప్ప ముందుకు పోకుండా ఆపలేదు. ముందుకు పోకుండా ఆపేది వెనక్కి లాగే కట్టు. పక్కకు ఒరగకుండా ఆపేది పక్కకు లాగే కట్టు. కాబట్టి ప్రతి సైకిల్‌కు కనీసం మూడు చోట్ల పట్టీ ఉండాలి. ముందు చక్రం, ఫోర్కు కింది భాగం కలిపి ఒకటి. సీటు కింద నిలువు గొట్టం దగ్గర గోడ వైపుకు ఒకటి. వెనక చక్రం దగ్గర ఒకటి. వీటిలో కనీసం ఒకటి ఏటవాలుగా వెనక్కి, మరొకటి ఏటవాలుగా ముందుకు లాగాలి.

సైకిల్‌కున్న ప్రత్యేక చిక్కు అది దొర్లే వస్తువు కావడం. చక్రం దొర్లకుండా ఉండాలంటే బ్రేకు పిడిని హ్యాండిల్‌కు నొక్కి, ఒక రబ్బరు పట్టీతో బిగించి ఉంచాలి. అయితే చక్రం తీసేసిన డిస్క్ బ్రేకును మాత్రం నొక్కకూడదు. లోపలి ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి, మళ్లీ చక్రం పెట్టేటప్పుడు డిస్కు దూరదు. ఆ ఖాళీలో ప్లాస్టిక్ ముక్కో, మడిచిన అట్టో పెట్టి ఉంచడం మంచిది.

షాక్ అబ్జార్బర్ ఉన్న ఫోర్కును హ్యాండిల్ మీది నుంచి కిందికి లాగి కట్టకూడదు. గతుకుల్లో స్ప్రింగ్ లోపలికి పోయిన ప్రతిసారీ పట్టీ వదులవుతుంది, కొక్కెం ఊడిపోతుంది. స్ప్రింగ్‌కు దిగువన, కదలని భాగం దగ్గర కట్టాలి. కార్బన్ ఫ్రేమ్ సైకిళ్లకు పలుచటి గొట్టాల మీద పట్టీ బిగించకూడదు. ఇనుప, అల్యూమినియం ఫ్రేముల సొట్ట కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో పగులు లోపలే దాగి, తొక్కేటప్పుడు బయటపడవచ్చు. వాటికి చక్రాలు, సీటు గొట్టం దగ్గరే కట్టు వేయాలి.

దేనితో కట్టాలి, దేనికి కట్టాలి?

మోటారు సైకిల్ వెనక సామాను కట్టే సాగే రబ్బరు తాళ్లు, పాత ట్యూబు ముక్కలు ప్రతి ఇంట్లో ఉంటాయి. సైకిళ్లు ఒకదానికొకటి రాసుకోకుండా చుట్టడానికి అవి బాగా పనికొస్తాయి. బరువు ఆపడానికి పనికిరావు. సాగడమే వాటి గుణం. బ్రేకు వేయగానే అవి సాగి, సైకిల్‌ను ముందుకు వెళ్లనిచ్చి, తిరిగి లాగేటప్పుడు కొక్కెం ఊడి కంటికి తగిలే ప్రమాదమూ ఉంది. సాగని పాలియెస్టర్ పట్టీలే వాడాలి. పళ్ల బకిల్‌తో చేత్తో లాగి బిగించే రకం సైకిళ్లకు చాలు. లారీలకు వాడే రాట్చెట్ పట్టీకి పట్టు ఎంత ఎక్కువంటే, రెండు క్లిక్కులు అదనంగా వేస్తే చక్రం రిమ్ము వంగుతుంది, ఫ్రేము నొక్కుకుపోతుంది. అది తప్ప వేరేది లేకపోతే కింద మెత్త వేసి, కదలిక ఆగిన దగ్గరే బిగింపు ఆపాలి.

తాడు మాత్రమే దొరికితే లారీ క్లీనర్లు టార్పాలిన్ బిగించే ముడిని నేర్చుకోవాలి. తాడు మధ్యలో ఉచ్చు వేసి, కొసను కొక్కెం చుట్టూ తిప్పి, ఆ ఉచ్చులోంచి లాగి బిగిస్తారు. మామూలు ముడి కంటే ఇది చాలా గట్టిగా పడుతుంది, విప్పడమూ సులువే. నైలాన్ తాడు కొత్తలో సాగుతుంది కాబట్టి దాన్ని దారిలో మళ్లీ మళ్లీ బిగించాలి.

పట్టీ రెండో కొస దేనికి తగిలించామన్నది పట్టీ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. వ్యాన్ నేల మీద సామాను కట్టడానికి ఇచ్చిన ఇనుప కొక్కేలు, సీట్లు బిగించే బోల్టులు గట్టి ఆధారాలు. పైన పట్టుకునే పిడులు, తలుపు పిడులు, ప్లాస్టిక్ పలకలు, సీటు తల దిండ్లు ఆధారాలు కావు. మనుషుల సీటు బెల్టును సైకిల్ చుట్టూ తిప్పడమూ తగదు; హ్యాండిల్ కొసలకు ఒరుసుకుని దాని నేత చిట్లితే తర్వాత మనిషిని కాపాడలేదు. సీఎన్‌జీ వ్యాన్లలో సిలిండర్ సామాను భాగంలోనే ఉండవచ్చు. దానికి గానీ, దాని గొట్టాలకు గానీ ఏ పట్టీ తగిలించకూడదు. సైకిల్ కొసలు దాని వాల్వుకు తగిలేలా పెట్టకూడదు.

కొక్కేలు లేని వ్యాన్‌లో కొత్తవి బిగించుకోవాలనుకుంటే వెల్డింగ్ కంటే బోల్టు మేలు. నేల రేకు పలుచన కాబట్టి అడుగున వెడల్పాటి ఇనుప పలక వేసి బిగించాలి. రంధ్రం వేసే ముందు కింద పెట్రోలు ట్యాంకు, గ్యాసు గొట్టం, బ్రేకు గొట్టం, వైర్లు లేవని మెకానిక్ చేత చూపించుకోవాలి.

మర్చిపోయే చిన్న వస్తువులు

విప్పిన చక్రాలు, పెడళ్లు, గాలి పంపు, పాన, తాళం గొలుసు, నీళ్ల సీసాలు అన్నీ వేగంలో సైకిల్‌తో సమానమే. పనిముట్లను మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను కట్టాలి. చక్రాలను డిస్కు వంగకుండా నిలబెట్టి గోడకు కట్టాలి.

బ్యాటరీ సైకిల్ అయితే ప్రయాణానికి ముందు బ్యాటరీ విప్పి, దెబ్బ తగలని విధంగా విడిగా భద్రపరచాలి. విప్పితే సైకిల్ బరువూ తగ్గుతుంది. మే నెల ఎండలో తలుపులు మూసి నిలిపిన వ్యాన్ లోపల వేడి బయటి కంటే చాలా ఎక్కువ. లిథియం బ్యాటరీని ఆ వేడిలో వదిలేయకూడదు. మామూలు సైకిళ్ల టైర్ల మీదా వేడి ప్రభావం ఉంటుంది. గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని ఒత్తిడి దాదాపు 10 శాతం పెరుగుతుంది. టైర్లలో గాలి హద్దు దాకా నింపి ఉంటే ఎక్కించే ముందు కొద్దిగా తీసేయడం మంచిది.

బయలుదేరే ముందు, దారిలో

కట్టడం పూర్తయ్యాక ఒక పరీక్ష చేయాలి. ఒక్కో సైకిల్ సీటును పట్టుకుని ముందుకూ వెనక్కూ పక్కలకూ గట్టిగా ఊపాలి. సైకిల్‌తో పాటు వ్యాన్ కూడా ఊగితే కట్టు సరిగ్గా ఉన్నట్టు. సైకిల్ ఒక్కటే ఊగితే మళ్లీ కట్టాలి. ఆ తర్వాత వెనక తలుపు పూర్తిగా పడిందా, వెనక లైట్లు, నంబరు ప్లేటు కనిపిస్తున్నాయా, డ్రైవరుకు అద్దాల్లో వెనక దారి కనిపిస్తోందా అన్నవి చూడాలి.

ఎంత బాగా కట్టినా మొదటి కొన్ని కిలోమీటర్లలో సామాను సర్దుకుని పట్టీలు వదులవుతాయి. కాబట్టి 10, 15 కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆపి బిగించాలి. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ఒకసారి, దిగే ముందు మరోసారి చూసుకోవాలి. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి, దిగేటప్పుడు ముందుకు మారుతుంది. ఎక్కేటప్పుడు బిగుతుగా కనిపించిన కట్టు దిగేటప్పుడు ఏమాత్రం పనిచేయకపోవచ్చు. టీ కోసం ఆగిన చోట వెనక తలుపు తీసి పట్టీలు ఒకసారి లాగి చూసే బాధ్యతను బయలుదేరేటప్పుడే ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి. అందరి పనీ అని వదిలేస్తే ఎవరూ చూడరు.